ఇంట్లో పోసిన జిగ్‌లకు పౌడర్ కోటింగ్: పెచ్చులు, సూదిబెజ్జాలు, మూసుకుపోయే కన్నాలు

లోతునీళ్లు
అందరికీ నమస్కారం. నావి సీసంతో పోసిన బాల్ హెడ్ జిగ్‌లు (చేపలు పట్టడానికి గాలం కాడ మీద గుండ్రటి సీసం తల పోసినవి), 3.5 గ్రాములవీ 7 గ్రాములవీ. గాలాలు 1/0 సైజు, కన్నం దగ్గర 90 డిగ్రీలు వంచినవి. హీట్ గన్‌తో వేడి చేసి, పౌడర్ (పొడి రంగు) డబ్బాలో ముంచి, చల్లారాక పక్కన పెట్టేయడమే ఇప్పటిదాకా పద్ధతి. చూడ్డానికి మెరుస్తూనే ఉంటాయి. ఇబ్బందులు ఇవీ:

1. రాయికి ఒక్క దెబ్బ తగిలితే పెచ్చు లేచిపోతోంది.
2. 3.5 గ్రాముల వాటి మీద పూత గరుకుగా వస్తోంది, అక్కడక్కడ సీసం కనబడుతోంది. అదే పద్ధతిలో 7 గ్రాములవి నున్నగా వస్తున్నాయి.
3. గాలం కన్నం (దారం కట్టేది) ప్రతిసారీ మూసుకుపోతోంది. సూదితో పొడిస్తే చుట్టూ ఉన్న పూత కూడా ఊడుతోంది.

ఇంకో మాట: ఓవెన్‌లో పెట్టడం తప్పనిసరా? అక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు, లేకపోతే దండగనేవాళ్లూ ఉన్నారు.

పోతపని
మొదటి ప్రశ్నకీ చివరి ప్రశ్నకీ జవాబు ఒక్కటే. మీ పూత కరిగింది, అంతే. పండలేదు.

ఈ పౌడర్ మైనం లాంటిది కాదు. మైనం కరిగి గట్టిపడితే పని అయిపోయినట్టే. జిగ్‌లకి వాడేది థర్మోసెట్ రకం, అంటే వేడికి ఒకసారి పండితే మళ్లీ కరగనిది: ఎక్కువగా పాలియెస్టర్, లేదంటే ఎపాక్సీ, లేదంటే రెండూ కలిపింది. వేడి సీసానికి తగలగానే రెసిన్ కరిగి పారుతుంది, మెరుపు వస్తుంది. కానీ లోపల రెసిన్‌కీ హార్డెనర్‌కీ మధ్య ముడులు పడాలంటే ఆ వేడి నిమిషాల తరబడి నిలకడగా ఉండాలి. గన్ ముందు పది సెకన్లకి అవి పడవు. ముడులు పడని పూత పలచటి గాజు పెంకులాంటిది. మెరుస్తుంది, దెబ్బకి ఆగదు.

జిగ్‌ల కోసమని చిన్న డబ్బాల్లో వచ్చే పౌడర్లు చాలావరకు 177 డిగ్రీల దగ్గర 15–20 నిమిషాల్లో క్యూర్ అవుతాయి, అంటే పండుతాయి (నేను చెప్పేవన్నీ సెల్సియస్). పరిశ్రమల్లో వాడే మామూలు పాలియెస్టర్ పౌడర్ అయితే 200 దగ్గర 10 నిమిషాలు అడుగుతుంది. మీ డబ్బా మీద ఏది రాసుంటే అదే లెక్క. మెలిక ఏంటంటే, ఆ నిమిషాలు లోహం ఆ వేడికి చేరాకే మొదలవుతాయి, ఓవెన్ తలుపు మూసిన క్షణం నుంచి కాదు. పాతిక జిగ్‌లు వేలాడదీస్తే ఓ 5 నిమిషాలు కలుపుకోండి.

సీసం 327 దాటితే గానీ కరగదు. 177కీ 200కీ దానికి ఏమీ కాదు.

రంగులడబ్బా
రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. అందరూ పౌడర్‌ని తిడతారు గానీ తప్పు వేడిది.

సీసం చేతికి బరువే గానీ వేడిని దాచుకోవడంలో పేద లోహం. గ్రాముకి గ్రాము చూస్తే ఉక్కు పట్టుకునే వేడిలో పావు వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. 3.5 గ్రాముల తలలో ఉండే వేడి గన్ దగ్గర నుంచి డబ్బాలోకి వెళ్లేలోపే తగ్గిపోతుంది. 7 గ్రాములది రెండింతలు వేడి దాచుకుంటుంది, దాని పైభాగమేమో రెండింతలు ఉండదు. అందుకే అది నిదానంగా చల్లారుతుంది, మీ చేతి వేగానికి సరిపోతోంది.

చిన్నవాటికి చేయాల్సింది: డబ్బా గన్ పక్కనే, జానెడు దూరంలో మూత తీసి ఉంచండి (గన్ మూతి మాత్రం డబ్బా వైపు ఉండకూడదు). వేడి చేసిన జిగ్ 2 సెకన్లలోపు పౌడర్‌లో ఉండాలి. పట్టకారు లావుపాటిది అయితే అదే వేడి లాగేస్తుంది. సన్నటి ఫోర్సెప్స్‌తో గాలం వంపు దగ్గర పట్టుకోండి.

లోతునీళ్లు
ధన్యవాదాలు. గన్ ముందు ఎన్ని సెకన్లు పెట్టాలి? ఒకరు 5 అంటారు, ఒకరు 20 అంటారు.

రంగులడబ్బా
ఇద్దరూ నిజమే చెప్పారు, గన్‌లు వేరు. కాబట్టి సెకన్లు అడగొద్దు, కొలత కట్టుకోండి. గన్‌ని స్టాండ్‌కి బిగించి, మూతికి 4 సెంటీమీటర్ల దూరంలో గుర్తు పెట్టుకోండి. ఒకే బరువున్న నాలుగు జిగ్‌లు తీసుకుని 6, 8, 10, 12 సెకన్లు, మెల్లగా తిప్పుతూ వేడి చేసి, ఒక్కోటి ఒక్క సెకను పౌడర్‌లో కదిపి తీయండి.

తీసిన జిగ్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. మొదటి క్షణం సుద్ద పూసినట్టు ఉంటుంది. రెండు మూడు సెకన్లలో సీసం మందంగా ఉన్న చోట ఒక తడి మచ్చ మొదలవుతుంది. అది కాలర్ (తల వెనక, ఎర తొడిగే సన్నటి మెడ) వైపు పాకుతుంది. కాలర్ దాకా పాకి ఆగితే వేడి సరిగ్గా కుదిరింది. సగంలో ఆగితే తక్కువైంది, గన్ ముందు మళ్లీ రెండు సెకన్లు తిప్పితే మిగతాది కూడా తడిసిపోతుంది. డబ్బాలో ఉండగానే మెరిసిపోయి, బయటికి వచ్చేసరికి ముక్కున బొట్టు వేలాడుతుంటే ఎక్కువైంది. ఆ బొట్టు ఓవెన్‌లో ఇంకా సాగుతుందే గానీ తగ్గదు.

తక్కువైతే సర్దుకోవచ్చు, ఎక్కువైతే సర్దుకోలేం. అనుమానం ఉంటే ఒక సెకను తక్కువకే వెళ్లండి. ఆ నాలుగింటిలో ఏది బాగుందో ఆ సెకన్లు డబ్బా మీద రాసుకోండి. బరువు మారితే మళ్లీ కొలత.

పట్టకారు
వేడి గాలి తల మీద పడాలి, గాలం కాడ మీద కాదు. కాడ సన్నం కాబట్టి ముందే వేడెక్కిపోతుంది, దాని మీదా పౌడర్ పట్టేస్తుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ ఎర తొడిగేటప్పుడు కాడ లావెక్కి చిరుగుతుంది.

కొవ్వొత్తి మీద వేడి చేసేవాళ్లకి: మసి పడుతుంది, మసి మీద పౌడర్ నిలవదు. స్పిరిట్ దీపం కాస్త నయం. ఏ మంట అయినా సరే పౌడర్ డబ్బా పక్కన వద్దు.

పోతపని
ఆ చివరి వాక్యాన్ని ఎవరూ దాటేసి వెళ్లొద్దు. గాల్లో లేచిన పౌడర్ మేఘానికి మంట తగిలితే భగ్గుమంటుంది. అది సన్నటి సేంద్రియ పొడి. డబ్బాలో అడుగున కుదురుగా ఉన్నంతసేపు సాధువే. కింద ఎవరో ఫ్లూయిడ్ కప్ (అడుగు నుంచి గాలి పంపి పౌడర్‌ని గుల్లగా తేల్చే గిన్నె) సంగతి ఎత్తుతారు, అప్పుడు ఇంకా జాగ్రత్త.

చేపకన్ను
మూడో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. కన్నం క్యూర్ తర్వాత పొడుస్తున్నారా, ముందు పొడుస్తున్నారా? అంతా అక్కడే ఉంది.

లోతునీళ్లు
ఓవెనే లేదు కదండీ. చల్లారాక పొడుస్తున్నా.

చేపకన్ను
చల్లారాక పొడిస్తే గట్టి పెంకుని పగలగొడుతున్నట్టు. పగులు కన్నం దగ్గర ఆగదు, తల మీదికి పాకుతుంది.

సరైన సమయం ఇది: పౌడర్‌లోంచి తీశాక, తడి మెరుపు వచ్చి, ఇంకా మెత్తగా ఉన్నప్పుడు. అలాంటి సమయం 4–5 సెకన్లే ఉంటుంది. పాత గాలం ముల్లు గానీ, చెక్క పిడిలో గుచ్చిన లావుపాటి సూది గానీ కన్నంలో ఒక్కసారి దూర్చి, తిప్పకుండా వెనక్కి లాగండి. తిప్పితే దారాలు సాగుతాయి. సూదికి అంటుకున్న రంగుని ప్రతిసారీ గుడ్డతో తుడవాలి, లేకపోతే పదో జిగ్‌కల్లా సూదే లావైపోతుంది.

ఆ సమయం దాటిపోయిందా? కంగారు లేదు, ఇంకా క్యూర్ కాలేదు కాబట్టి కన్నం వైపు గన్ ముందు మూడు సెకన్లు చూపిస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఓవెన్‌లోంచి వచ్చాక మాత్రం ఎంత వేడి చేసినా కరగదు, ముడులు పడిపోయాయి. ఇక చిన్న డ్రిల్ బిట్ చేత్తో తిప్పుకోవడమే.

అసలు మూసుకోకుండా చేయాలంటే కన్నంలోకి సరిపోయే సిలికాన్ ప్లగ్‌లు గానీ, సన్నటి సిలికాన్ త్రాడు ముక్కలు గానీ దూర్చి ముంచండి. ఓవెన్ వేడిని అవి తట్టుకుంటాయి. మామూలు రబ్బరు, నైలాన్ వద్దు. వందల్లో చేసేవాళ్లకి ప్లగ్‌లు పెట్టడం తీయడమే పెద్ద పని, వాళ్లు సూదికే వస్తారు.

పట్టకారు
ఓవెన్ గురించి నాలుగు ముక్కలు. చిన్న టోస్టర్ ఓవెన్ చాలు, కానీ ఒకసారి దీనికి వాడాక అది మళ్లీ వంటింటికి వెళ్లకూడదు.

డయల్ మీద 175 అని ఉంటే లోపల 155 ఉండొచ్చు, 200 ఉండొచ్చు. ఓవెన్‌లో పెట్టే థర్మామీటర్ విడిగా కొని, జిగ్‌లు వేలాడే ఎత్తులోనే పెట్టండి. పైన పెడితే ఒకటి చెబుతుంది, అడుగున పెడితే ఒకటి చెబుతుంది.

ముందు ఖాళీ ఓవెన్‌ని 15 నిమిషాలు వేడి చేయాలి. చల్లటి ఓవెన్‌లో జిగ్‌లు పెట్టి స్విచ్ వేస్తే హీటింగ్ రాడ్లు ఎర్రగా మండుతూ, రాడ్‌కి దగ్గరున్నవాటిని మాడుస్తాయి. తెల్ల రంగు ముందు గోధుమ రంగుకి తిరుగుతుంది, మీకు తెలిసిపోతుంది. రాడ్లకీ జిగ్‌లకీ మధ్య ఒక రేకు అడ్డం పెడితే ఆ బాధ ఉండదు. కనీసం 5 సెంటీమీటర్ల ఎడం.

జిగ్‌లు ఒకదానికొకటి తగలకూడదు. మొదటి మూడు నాలుగు నిమిషాలు రంగు మళ్లీ పారుతుంది, తగిలినవి కవలలైపోతాయి. అడుగున ట్రేలో ఫాయిల్ పరవండి.

చేపకన్ను
వేలాడదీయడం దేనికి? కన్నానికా, గాలం వంపుకా?

పట్టకారు
వంపుకే. ఓవెన్ జాలీ ఊచకి వంపు తగిలించేస్తే అయిపోయింది.

రంగులడబ్బా
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. వంపుకి తగిలిస్తే తల కిందికి వేలాడుతుంది, రంగంతా ముక్కు దగ్గరికి దిగి బొట్టు కడుతుంది. ముక్కు బరువైతే జిగ్ తీరే మారిపోతుంది. కన్నానికి సన్నటి తీగ కొక్కెం వేసి వేలాడదీయండి, కారినా కాలర్ వైపుకే కారుతుంది, అది స్కర్ట్ (కాలర్‌కి కట్టే కుచ్చు) కిందో ఎర కిందో దాక్కుంటుంది.

పట్టకారు
కన్నానికి వేస్తే కన్నంలో మిగిలిన రంగు తీగకి అతుక్కుంటుంది, తీసేటప్పుడు పెచ్చు వస్తుంది. పైగా 50 జిగ్‌లకి 50 కొక్కేలు ఎవరు చుడతారు?

పోతపని
ఇద్దరి గొడవా పూత మందం గొడవ. పలచగా వేసిన పూత ఎటు వేలాడదీసినా కారదు. మందంగా వేసినది ఎటు వేలాడదీసినా కారుతుంది. ఒక్క సెకను ముంచి, తీయగానే పట్టకారుని వేలితో రెండుసార్లు టక్‌టక్‌మని కొట్టి పైపొడి రాల్చేయండి. అప్పటికీ అనుమానం ఉంటే ఓవెన్‌లో 4 నిమిషాల తర్వాత తలుపు తీసి చూడండి. ముక్కున బొట్టు కనిపిస్తే అట్టముక్క అంచుతో తాకించండి, అది పీల్చుకుపోతుంది. 10 నిమిషాలు దాటాక తాకితే గీత పడటం తప్ప లాభం లేదు.

నా ఓటు వంపుకే, కన్నం శుభ్రంగా ఉంటే ఎటైనా సరే.

కొత్తగాలం
డబ్బాలో పౌడర్ అడుగున గట్టిగా కూర్చుంటోంది. ముంచితే ఒక పక్క ముద్దలా, ఒక పక్క ఖాళీగా వస్తోంది. ఫ్లూయిడ్ కప్ లేకుండా కుదరదా?

పట్టకారు
కుదురుతుంది. ప్రతి నాలుగైదు జిగ్‌లకోసారి మూత పెట్టి డబ్బాని తలకిందులు చేసి కుదపండి, లేదా ఐస్‌క్రీం పుల్లతో అడుగు నుంచి గుల్ల చేయండి. గుల్లగా ఉన్న పౌడర్‌లో జిగ్ దానంతటదే దిగాలి, నెట్టాల్సిన అవసరం రాకూడదు. ఎంత కుదిపినా గడ్డలే ఉంటే అది తేమ. సన్నటి జల్లెడ పట్టి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో రెండు రోజులు ఉంచండి. ఎండలో పెట్టి ఆరబెట్టాలని చూడకండి, వేడికి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని అసలుకే మోసం వస్తుంది.

పోతపని
ఫ్లూయిడ్ కప్ పెద్ద బ్రహ్మవిద్య కాదు, ఒక సాయంత్రం పని. 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 12 సెంటీమీటర్ల ముక్క ఒకటి, 4 సెంటీమీటర్ల ముక్క ఒకటి. రెండింటి మధ్య పొర: నున్నటి దళసరి కాగితం గానీ, కాఫీ ఫిల్టర్ కాగితం రెండు మూడు మడతలు గానీ, చిరగని కొరియర్ కవర్ల టైవెక్ గానీ. గాలి పోవాలి, పౌడర్ దిగకూడదు, అదీ పరీక్ష. పొరని డప్పు చర్మంలా బిగించి, అంచంతా జిగురుతో మూసేసి కప్లర్‌తో కలపండి. కింది ముక్కకి మూత బిగించి, పక్కన రంధ్రం చేసి అక్వేరియం పంపు గొట్టం దూర్చండి. గొట్టం దారిలో ఒక వాల్వ్ పెట్టి, అదనపు గాలిని బయటికి వదిలే ఏర్పాటు చేయాలి. చిన్న పంపు చాలు. పంపుని కప్ కంటే ఎత్తులో పెట్టండి, లేదా చెక్ వాల్వ్ (ఒకే వైపు పోనిచ్చేది) పెట్టండి. పొర చిరిగిన రోజున పౌడర్ పంపులోకి దిగకుండా ఉంటుంది.

కప్‌లో 4–5 సెంటీమీటర్ల ఎత్తు పౌడర్ పోసి, వాల్వ్‌ని కొంచెం కొంచెంగా తిప్పండి. మొదట ఏమీ జరగదు. తర్వాత నెర్రెలు వస్తాయి. పుల్లతో ఒకసారి కలిపితే మట్టం మూడో వంతు పైకి లేచి, ఎసరు కాగబోయే ముందు నీళ్లలా మెత్తగా కదులుతుంది. అక్కడ ఆపాలి. ఒక్కచోటే బుస్సుమని లేస్తుంటే పొరలో ఎక్కడో చిల్లు ఉంది, లేదా పౌడర్ తేమగా ఉంది. పైనుంచి పొగలా లేస్తుంటే గాలి ఎక్కువైంది. ఆ పొగ మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పక్కన మంట ఉంటే ఇందాక చెప్పిన సంగతి గుర్తు చేసుకోండి. ఎన్95 మాస్కు పెట్టుకోండి.

ఇందులో ముంచితే పూత అన్ని పక్కలా సమంగా పడుతుంది. కానీ డబ్బా అలవాటుతో ఒక సెకను ఉంచకండి. అర సెకను, లోపలికి, బయటికి.

చేపకన్ను
ఎలక్ట్రోస్టాటిక్ గన్ (పౌడర్‌కి విద్యుదావేశం ఇచ్చి చిమ్మేది) గురించి అడిగేవాళ్లు వస్తారు కాబట్టి ముందే చెప్తున్నా: జిగ్‌లకి దండగ. పౌడర్ సగం పక్కకి పోతుంది, కాలర్ మూలల్లోకి చేరదు, గాలం నిండా మాత్రం పడుతుంది.

నీలిబుంగ
నాది వేరే సమస్య. ఓవెన్ ఉంది, 177 దగ్గర 20 నిమిషాలు సరిగ్గానే పెడుతున్నా. కొన్ని జిగ్‌ల మీద సూదిబెజ్జాలు, కొన్నిటి మీద పొక్కులు. అన్నీ ఒకే పౌడర్.

పోతపని
ఒకే పౌడర్, ఒకే ఓవెన్, కొన్నిటికే వస్తోందంటే తప్పు పోతలో ఉంది. ఆ జిగ్‌లలో పూత లేనిది ఒకటి భూతద్దంతో చూడండి. చల్లటి అచ్చులో పోసిన సీసం మీద ముడతలుంటాయి, ముడతల కింద గాలి ఉంటుంది. గాలం చుట్టూ, కాలర్ దగ్గర కూడా సన్నటి సందులుంటాయి. ఓవెన్‌లో ఆ గాలి, అక్కడ దాగిన నూనె ఆవిరి వ్యాకోచించి, మెత్తగా ఉన్న రంగుని చీల్చుకుని బయటికి వస్తాయి. రంగు ఇంకా పారే దశలో ఉంటే బెజ్జం, గట్టిపడే దశలో ఉంటే పొక్కు.

మందు: పూత వేయకముందే ఉత్త జిగ్‌లని క్యూర్ వేడి కంటే 10–15 డిగ్రీలు ఎక్కువలో 15 నిమిషాలు ఓవెన్‌లో ఉంచి, బయటికి వచ్చేదంతా ముందే వచ్చేలా చేయండి. అసలు మందు అచ్చు దగ్గర: మొదటి ఐదారు పోతలు పక్కన పడేసి మళ్లీ కరిగించుకోండి, అచ్చు వేడెక్కాకే లెక్కలోకి వచ్చే పోత మొదలుపెట్టండి.

రంగులడబ్బా
శుభ్రం సంగతి కూడా. అచ్చుకి పూసే గ్రాఫైట్, టాల్క్, మసి అన్నీ పోతకి అంటుకుని వస్తాయి. అంచున మిగిలిన రెక్కల్ని నిప్పర్‌తో కత్తిరించి, ఆకురాయితో రెండు గీతలు గీసి, ఆసిటోన్‌లో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గానీ కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడి ఆరకుండా హీట్ గన్ ముందు పెడితే ఆ ద్రావకమే అంటుకుంటుంది, సరదాకి కూడా చేయొద్దు. కడిగాక వేళ్లతో తల ముట్టుకోకూడదు.

పోసి నెలలు దాటిన జిగ్‌ల మీద బూడిద రంగు పొర పడుతుంది, అది సీసం తుప్పు. దాని మీద వేసిన పూత ఆ పొరతో సహా ఊడుతుంది. పోసిన వారంలోపు పూత వేసేస్తే మంచిది, పాతవాటిని స్టీల్ ఊల్‌తో తడిగా రుద్ది కడగండి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము మీరే పీలుస్తారు.

కొత్తగాలం
సీసం బదులు తగరం–బిస్మత్ మిశ్రమంతో పోసినవాటికి ఇదే పద్ధతేనా?

పోతపని
ఆగండి! ఓవెన్‌లో పెట్టారా ఇప్పటికే? 58 శాతం బిస్మత్, 42 శాతం తగరం ఉన్న మిశ్రమం 138 డిగ్రీలకే కరిగిపోతుంది. 177 దగ్గర మీ ట్రేలో గాలాలు, రంగు పెంకులు, అడుగున ఓ మెరిసే మడుగు మిగులుతాయి. స్వచ్ఛమైన తగరం అయితే 232, అది సరిపోతుంది. ఏ నిష్పత్తో తెలియని మిశ్రమం ఉంటే ఓ ముక్కని ఫాయిల్ గిన్నెలో పెట్టి 190 దగ్గర 20 నిమిషాలు ఓవెన్‌లో పెట్టి చూడండి, అంచు కూడా మెత్తబడకూడదు.

సోల్డర్ కలిపిన తుక్కు సీసానికీ ఇదే పరీక్ష. 63–37 తగరం–సీసం సోల్డర్ 183 దగ్గర కరుగుతుంది. అది బాగా కలిసిన పోత 200 డిగ్రీల ఓవెన్‌లో చెమట పట్టినట్టు బొట్లు కక్కుతుంది. పొక్కులనుకుని పౌడర్‌ని తిట్టుకుంటూ ఉంటారు.

తక్కువ వేడికి కరిగే మిశ్రమాలకి పౌడర్ జోలికి పోకుండా వినైల్ రంగు గానీ ఎపాక్సీ గానీ వేసుకోండి.

నీలిబుంగ
ఫ్లోరసెంట్ పసుపు పచ్చ వేస్తే బురద రంగులా వస్తోంది. పౌడర్ డబ్బాలో చూస్తే కళ్లు జిగేల్‌మంటుంది.

రంగులడబ్బా
ఫ్లోరసెంట్ రంగుల్లో కప్పే శక్తి తక్కువ, కింద సీసం బూడిద రంగు తొంగిచూస్తుంది. ముందు తెలుపు వేయాలి. తెలుపుని పలచగా, అర సెకను. పూర్తిగా క్యూర్ చేయొద్దు, మెరుపు వచ్చేదాకా చాలు. చల్లారాక మళ్లీ వేడి చేసి ఫ్లోరసెంట్‌లో ముంచి, రెండూ కలిపి ఒకేసారి ఓవెన్‌కి. రెండోసారి గన్ ముందు సెకన్లు తగ్గించండి, కింది పొర మెత్తబడితే చాలు.

రెండో సంగతి: ఆ రంగు పిగ్మెంట్లకి వేడి పడదు. డబ్బా మీద రాసిన క్యూర్‌లో తక్కువ వేడి, ఎక్కువ నిమిషాల వైపు ఉండండి. ఓవెన్ 200కి ఎగిరితే ఆ జిగేల్ తిరిగి రాదు.

చీకట్లో వెలిగే పౌడర్‌కీ తెలుపే పునాది. దాని రేణువులు బరువు, ఫ్లూయిడ్ కప్‌లో అడుగుకి దిగిపోతాయి. దాన్ని డబ్బాలోనే, కలుపుకుంటూ ముంచండి.

రెండు రంగుల వీపు కావాలంటే: మొదటి రంగు తడిగా ఉండగానే, మెత్తటి బ్రష్‌ని రెండో పౌడర్‌లో అద్ది, జిగ్‌కి రెండంగుళాల పైన పట్టుకుని బ్రష్ కాడని వేలితో కొట్టండి. పొడి మంచులా రాలి అక్కడే అతుక్కుంటుంది. బ్రష్ జిగ్‌కి తగలకూడదు, తగిలితే వెంట్రుకలు కరిగి రంగులో ఉండిపోతాయి.

లోతునీళ్లు
ఓవెన్ వేడికి గాలం గట్టిదనం పోదా?

పట్టకారు
177కీ 200కీ పోదు. పోగొట్టేది మంట. గాలం వంపు దగ్గర ఉక్కు నీలం రంగుకి తిరిగిందంటే 290 డిగ్రీలు దాటిందని అర్థం, టెంపర్ దిగిపోయింది. దాన్ని పక్కన పడేయండి, చూడ్డానికి ఎంత బాగున్నా సరే, చేప బరువుకి తెరుచుకుంటుంది. అందుకే గన్ మూతి తల మీదే ఉండాలని చెప్పింది.

వీడ్‌గార్డ్ (గాలం నాచులో చిక్కకుండా తలకి పెట్టే పోగులు) ఉన్న జిగ్‌లకి: నైలాన్ పోగుల్ని ఓవెన్ తర్వాతే అతికించాలి. ఆ రంధ్రంలో రంగు చేరకుండా టెఫ్లాన్ పిన్ పెట్టి ముంచండి. అది చేతిలో లేకపోతే టూత్‌పిక్ ముక్క, కానీ ఓవెన్‌కి ముందు మెత్తగా ఉన్నప్పుడే లాగేయాలి.

చేపకన్ను
కళ్లు అతికించేవాళ్లకి కూడా అదే నియమం, ఓవెన్ తర్వాతే. స్టిక్కర్ కళ్లు ఓవెన్‌లో ముడుచుకుపోతాయి. క్యూర్ అయిన పూత మీద వినైల్ రంగుతో చుక్కలు పెట్టి, పైన రెండు భాగాల ఎపాక్సీ ఒక పొర. ఎపాక్సీ ఆరేదాకా నిమిషానికోసారి తిప్పకపోతే ఒక కన్ను ఉబ్బుతుంది.

లోతునీళ్లు
క్యూర్ నిజంగా అయిందో లేదో ఎలా తెలుస్తుంది? చూడ్డానికి ముందూ వెనకా ఒకలాగే ఉన్నాయి.

పోతపని
చూపుకి తెలియదు. పూర్తిగా చల్లారిన జిగ్‌ని తీసుకుని, ఆసిటోన్‌లో తడిపిన దూదిపుల్లతో ఒకే చోట 20 సార్లు గట్టిగా రుద్దండి. దూదికి రంగు దిగితే, లేదా ఆ చోటు జిగటగా అయితే పండలేదు. మెరుపు కాస్త మందగించి, దూది తెల్లగానే ఉంటే అయినట్టే. తర్వాత రెండో పరీక్ష: జిగ్‌ని ఇనుప దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో ఓ మోస్తరు దెబ్బ. సీసం నొక్కుకుపోవాలి, పూత దాంతో పాటు నొక్కుకోవాలి. నొక్కు అంచున పెంకులు లేస్తే క్యూర్ తక్కువ, లేదా కింద శుభ్రం లేదు. లేచిన పెంకు వెనక వైపు చూడండి: బూడిద రంగు పొడి అంటుకుని ఉంటే శుభ్రం లోపం, వెనక కూడా అద్దంలా ఉంటే క్యూర్ లోపం.

పండనివి ఇప్పటికే చేతిలో ఉంటే పారేయకండి, అలాగే ఓవెన్‌లో పెట్టి పూర్తి చేయొచ్చు, కన్నాలు ముందు గన్ వేడితో శుభ్రం చేసుకోండి. అసలే పాడైన వాటిని సీసం మూకుడులో వేసి కరిగించొద్దు. రంగు మండి వచ్చే పొగ మంచిది కాదు. క్యూర్ కాని పూత అయితే ఆసిటోన్‌లో నానబెట్టి తుడిచేసి, బాగా ఆరాక కరిగించండి.

రంగులడబ్బా
మూకుడు మాట వచ్చింది కాబట్టి: తడి సీసం, తడి గరిటె, తడి అచ్చు ఏదీ కరిగిన సీసంలోకి వెళ్లకూడదు. ఒక్క నీటిబొట్టు ఆవిరై మొత్తం సీసాన్ని మీ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. బ్యాటరీల సీసం ముట్టుకోవద్దు, అందులోంచి వచ్చే వాయువులు ప్రాణం మీదికి తెస్తాయి. గాలి ఆడే చోట పని చేయండి. చేతులు సబ్బుతో కడిగాకే ఏదైనా నోట్లో పెట్టుకోండి, పిల్లల్ని ఆ బల్ల దరిదాపులకి రానివ్వకండి.

లోతునీళ్లు
ఇనుప దిమ్మ పరీక్ష పాత జిగ్‌ల మీద చేశాను. పెంకు వెనక అద్దంలా ఉంది. అంటే శుభ్రం బాగానే ఉంది, లోపం క్యూర్‌దే. మిగిలిన 40 జిగ్‌లు కన్నాలు తెరిచి, 177 దగ్గర 5 నిమిషాలు వేడెక్కడానికి, 20 నిమిషాలు క్యూర్‌కి వదిలాను. దూదిపుల్ల తెల్లగానే వచ్చింది. 3.5 గ్రాములవాటికి నా గన్‌తో 9 సెకన్లు కుదిరింది, డబ్బా మీద రాసుకున్నా.

పట్టకారు
పౌడర్ రంగు మారిస్తే ఆ 9ని మళ్లీ సరిచూసుకోండి. నలుపుకీ తెలుపుకీ కూడా తేడా వస్తుంది.